ఒక్క డిస్కు సర్వర్‌కి బ్యాకప్ ఎలా?

చిరంజీవికి,

ఆశీస్సులు. ఇంట్లో సర్వర్ పెట్టానని, ఒకటే డిస్కు ఉందని, రెయిడ్ లేదని టెన్షన్ పడుతూ రాశావు. రెండో డిస్కు కొనే డబ్బు చేతిలో ఉంటే దాన్ని రెయిడ్‌కి కాదు, బ్యాకప్‌కి పెట్టు. రెండు డిస్కుల్లో ఒకే డేటాను ఒకేసారి రాస్తూ, ఒక డిస్కు పోయినా సర్వర్ ఆగకుండా చూడడమే రెయిడ్ పని. పొరపాటున నువ్వో ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. ఇంటి సర్వర్ ఓ పూట ఆగితే కొంపలేం మునగవు.

ముందు డేటాను విడదీయి. మళ్లీ దొరికేవి కొన్ని: డౌన్‌లోడ్ చేసిన సినిమాలు, ఇన్‌స్టాలర్లు. వాటికి ఫైళ్ల పేర్ల జాబితా ఒక్కటి దాచుకుంటే చాలు. పోతే రానివి వేరు: ఫోటోలు, పత్రాలు, పాస్‌వర్డ్ వాల్ట్, వాటితోపాటు అందరూ మరిచిపోయే డాకర్ కంపోజ్ ఫైళ్లు (సర్వర్‌లో ఏ యాప్ ఎలా నడవాలో రాసి ఉండేవి), కాన్ఫిగ్‌లు (సెట్టింగుల ఫైళ్లు). ఈ రెండో రకం సాధారణంగా మనం భయపడినంత ఉండదు. దానికి 3-2-1 లెక్క పాటించు: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట.

ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో ఉన్నది ఉన్నట్టు కాపీ చేసుకుంటూ పోతే సరిపోదు. పొద్దున పాడైన ఫైలు రాత్రికి బ్యాకప్‌లోనూ పాడై కూర్చుంటుంది. రెస్టిక్ గానీ బోర్గ్ గానీ వాడు, ఇవి పాత వెర్షన్లనూ దాచే బ్యాకప్ ప్రోగ్రాములు. మారిన ముక్కలే చేరతాయి కాబట్టి పాత వెర్షన్లు చాలా ఉంచుకున్నా డిస్కు త్వరగా నిండదు. రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12 ఉంచు. నెలవి ఎందుకంటే, ఫైలు పాడైన సంగతి చాలాసార్లు ఆలస్యంగా తెలుస్తుంది. ఒకే డిస్కు మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) పెట్టుకున్నా, మామూలు సెట్టింగులతో అది ఫైలు పాడైందని చెప్పగలదు గానీ బాగుచేయలేదు. ఇంకో మాట. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఆ బ్యాకప్‌ను ఇక ఎవరూ తెరవలేరు. దాన్ని అదే సర్వర్‌లోని వాల్ట్‌లో మాత్రమే దాచడమంటే బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేయడం. కాగితం మీద రాసి ఇంకెక్కడైనా ఉంచు.

డేటాబేస్‌ల దగ్గర చాలామంది దెబ్బతింటారు. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఫోల్డర్‌ని నేరుగా కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది వస్తుంది, అది తిరిగి లేస్తుందన్న నమ్మకం లేదు. ముందు దాని పీజీ డంప్ కమాండ్‌తో డేటా మొత్తం ఒక ఫైలుగా (దీన్నే డంప్ అంటారు) తీసి, దాన్ని బ్యాకప్ చెయ్యి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కీ సొంత బ్యాకప్ కమాండ్ ఉంది. ఇమ్మిచ్ అనే ఫోటోల యాప్‌లో ఫోటోలు ఫోల్డర్లలో ఉన్నా ఆల్బమ్‌లు, ముఖాలకు పెట్టిన పేర్లు ఉండేది డేటాబేస్‌లో. డంప్ లేకపోతే ఫోటోలు గుట్టగా మాత్రమే మిగులుతాయి.

యూఎస్‌బీ డిస్కుతో ఒక తమాషా జరుగుతుంది. ఏదో రాత్రి అది మౌంట్ కాదు, అంటే తనకు కేటాయించిన ఫోల్డర్‌కి తగులుకోదు, ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది. రెస్టిక్ అయితే తన బ్యాకప్‌లుండే రిపాజిటరీ కనబడట్లేదని ఆగిపోతుంది. ఆర్‌సింక్ మాత్రం ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే నింపుకుంటూ పోతుంది. అంటే బ్యాకప్ సర్వర్ సొంత డిస్కు మీదే పడుతుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. స్క్రిప్ట్ మొదటి లైన్లోనే మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూసి, డిస్కు లేకపోతే ఆపేయి. పని అయ్యాక డిస్కు ఊడదీసి ఉంచడం ఇంకా మంచిది. వోల్టేజీ పెరిగి సర్వర్ కాలితే దాంతోపాటు ఇదీ పోకూడదు కదా.

ఇంటి బయటి కాపీకి క్లౌడైనా సరే, స్నేహితుడి ఇంట్లో డిస్కైనా సరే. అయితే 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో 500 జీబీ ఎక్కడానికి రెండు రోజుల పైనే పడుతుంది. స్నేహితుడి ఇల్లయితే మొదటి కాపీ మన ఇంట్లోనే తీసి డిస్కు పట్టుకెళ్లు, తర్వాత మార్పులు మాత్రం నెట్ మీద పంపు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే స్మార్ట్ టెస్టులు కూడా నడుపుతూ ఉండు, పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమైన చోట్లు) పెరుగుతుంటే డిస్కు మార్చు. కానీ ఏ హెచ్చరికా లేకుండా పోయే డిస్కులూ ఉంటాయి, టెస్టు బాగుందంది కదా అని బ్యాకప్ మానకు.

బ్యాకప్ అయిందని వచ్చే మెసేజ్‌ని వారం తర్వాత ఎవరూ చదవరు. అందుకే రెండు రోజులు ఏ బ్యాకప్పూ కాకపోతే మెసేజ్ వచ్చేలా పెట్టు, అదీ సర్వర్ బయటి నుంచి. మూడు నెలలకోసారి రీస్టోర్ చేసి చూడు. సర్వర్‌లో కాదు, ఖాళీ ల్యాప్‌టాప్‌లో. కంటైనర్లు (డాకర్‌లో నడిచే యాప్‌లు) లేపి, లాగిన్ అయి, పాత ఫోటో ఒకటి తెరువు. ఎక్కడ తడబడ్డావో ఆ స్టెప్పు రాసిపెట్టుకో.

ముందు డంప్ స్క్రిప్ట్ రాసి నాకు పంపు, చూసి చెప్తాను. మొదటి బ్యాకప్ పూర్తయ్యేదాకా సర్వర్‌లో ఏ అప్‌డేట్లూ పెట్టకు.

మీ పిన్ని