సంతకం పెట్టకుండా ఆదివారం పర్లాకిమిడి రా

అమ్ములూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన 14 పేజీల అగ్రిమెంటు రాత్రి కూర్చుని మొత్తం చదివాను. తొమ్మిదో పేరా అయితే మూడుసార్లు చదివాను. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు, పెట్టేశాక సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నీ యూట్యూబ్ ఛానెల్‌కు 11 వేల మంది సబ్‌స్క్రైబర్లు రాగానే ముంబై నుంచి ఒక నెట్‌వర్క్ (చాలా ఛానెళ్లను తమ కిందికి చేర్చుకుని, వాటి రాబడిలో వాటా తీసుకునే కంపెనీ) వాళ్లు వెతుక్కుంటూ వచ్చారంటే నీకెంత సంతోషంగా ఉందో నాకు తెలుసు. నాకూ సంతోషమే. గుణుపురంలో మా అమ్మ చేత చోడి అంబలి కాయించి, సంతలో కూరగాయల బేరం తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించే ఆ వీడియోలతో నువ్వు ఇంతమందిని సంపాదించావు. అది నీ కష్టం. ఆ కష్టానికి వాటాదారుణ్ని తెచ్చుకునే ముందు ఆ వాటాదారు చేసే పనేమిటో తెలుసుకోవాలి కదా.

ముందు నా సంగతి చెబుతాను, నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2016లో నేనూ ఒక నెట్‌వర్క్‌లో చేరాను. అప్పటికి పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడు చుట్టుపక్కల జాతరలు తీసి ఛానెల్‌లో పెట్టేవాణ్ని. బరంపురం ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి వచ్చేది, మన తెలుగు నేతవాళ్ల పెద్ద అయిన దేశిబెహరా ఇంటి ఆడపడుచుగా అమ్మవారిని తీసుకొచ్చే ఆ పండుగ, రాత్రంతా మేలుకుని తీశాను. చేరేటప్పుడు వాళ్లు చాలా మర్యాదగా మాట్లాడారు. మ్యూజిక్ లైబ్రరీ ఇస్తాం, కాపీరైట్ చూసుకుంటాం, బ్రాండ్లు తెస్తాం అన్నారు. రెండేళ్లలో ఒక్క బ్రాండూ రాలేదు. సరే, బయటికి వద్దామనుకుంటే, గడువు ముగియడానికి 60 రోజుల ముందే నోటీసు ఇవ్వాలని ఎక్కడో మూలన రాసి ఉంది, నేను 40 రోజుల ముందు ఇచ్చాను, అగ్రిమెంటు దానంతటదే ఇంకో ఏడాది సాగిపోయింది.

అదీ కాదు నన్ను బాధపెట్టింది. బయటికి వచ్చాక ఆ యాత్ర దృశ్యాలతో కొత్త వీడియో చేసి పెడితే, నా దృశ్యాల మీదే నాకు క్లెయిమ్, అంటే ఇవి వేరేవాళ్లవి అనే నోటీసు, వచ్చింది. నేను ఉన్నప్పుడు నా వీడియోలన్నీ వాళ్ల పేరు మీద కంటెంట్ ఐడీలో చేర్చారు, నేను వచ్చేసినా వాటిని తీయలేదు. కంటెంట్ ఐడీ అంటే ఒక వీడియోనో పాటనో యజమాని పేరుతో నమోదు చేస్తే, అది ఇంకెక్కడ కనిపించినా యూట్యూబ్ దానంతటదే పట్టుకుని, యజమాని కోరితే యాడ్ డబ్బు అటు మళ్లిస్తుంది. అభ్యంతరం పెట్టాను. జవాబు చెప్పడానికి వాళ్లకు 30 రోజుల టైముంటుంది, ముప్పై రోజులూ వాడుకున్నారు. ఇలా మూడు వీడియోలకు జరిగింది. నేను నిద్ర మానుకుని తీసింది నాది కాదని మెయిల్ చదివిన రోజు అన్నం తినబుద్ధి కాలేదమ్మా.

ఇప్పుడు నీ అగ్రిమెంటు తొమ్మిదో పేరా చూడు. వీడియోలు వాడుకునే హక్కు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" వాళ్లకు అని రాశారు. అగ్రిమెంటు ముగిశాక కూడా అని అర్థం. ఇది తీసేయమను. నువ్వు బయటికి వచ్చిన వారం రోజుల్లోపు నీ వీడియోల మీద వాళ్లు పెట్టిన నమోదులన్నీ వదిలేస్తామని ఆ చోట రాయమను. ఒప్పుకోకపోతే ఇక మిగతా పేజీలు చూడక్కర్లేదు.

డబ్బు లెక్క సులువే, కానీ అందరూ తప్పు లెక్క వేసుకుంటారు. మామూలు వీడియో మీద యాడ్ ద్వారా 100 రూపాయలు వస్తే యూట్యూబ్ 45 ఉంచుకుని నీకు 55 ఇస్తుంది (షార్ట్స్ లెక్క వేరు, అక్కడ నీకు కేటాయించిన దాంట్లో 45 శాతమే). నెట్‌వర్క్ 30 శాతం అంటే ఆ 55లో 30 శాతం, అంటే పదహారున్నర. నీకు మిగిలేది ముప్పై ఎనిమిదిన్నర. ఆ పదహారున్నరకు వాళ్లు నెలనెలా ఏం చేస్తారో అడుగు, మాటల్లో కాదు, మెయిల్‌లో రాయించుకో. "వ్యూస్ పెంచుతాం" అంటే నమ్మకు, యూట్యూబ్ ఎవరి వీడియో ఎవరికి చూపించాలో నెట్‌వర్క్ చేతిలో లేదు. "స్ట్రైకులు (కాపీరైట్ ఫిర్యాదు వస్తే ఛానెల్ మీద పడే హెచ్చరికలు) తీయిస్తాం" అన్నా అంతే. స్ట్రైక్ పోవాలంటే ఫిర్యాదు చేసినవాళ్లు వెనక్కి తీసుకోవాలి, లేదా ఆ ఫిర్యాదు తప్పని నువ్వు కౌంటర్ నోటీసు ఇవ్వాలి, లేదా కాపీరైట్ స్కూల్ అనే యూట్యూబ్ చిన్న పాఠం పూర్తి చేసి 90 రోజులు ఆగాలి. ఇవన్నీ నువ్వు సొంతంగా చేసుకోగలిగినవే. బ్రాండ్ల విషయంలో మాత్రం నిజంగా ఉపయోగపడే నెట్‌వర్కులు ఉన్నాయి, కాదనను. కానీ నీ కాగితంలో నువ్వు తెచ్చుకున్న బ్రాండు మీద కూడా వాళ్లకు వాటా రాశారు. రేపు రాయగడలో ఒక చీరల షాపు ఆయన నీకు నేరుగా ఫోన్ చేసి డబ్బిస్తే అందులో ముంబైకి వాటా ఎందుకివ్వాలి? వాళ్లు తెచ్చిన పనికే వాటా అని మార్పించు.

డబ్బు ముందు ఎవరి ఖాతాలో పడుతుందో కూడా అడుగు. అమెరికాలో డెఫీ మీడియా అనే పెద్ద కంపెనీ 2018 నవంబర్‌లో ఉన్నట్టుండి మూతపడితే, వాళ్ల ద్వారా డబ్బు అందుకునే క్రియేటర్ల సంపాదన అందులోనే ఇరుక్కుపోయింది. యూట్యూబ్ నుంచి నేరుగా నీ యాడ్‌సెన్స్‌కి (యాడ్ డబ్బు పడే నీ గూగుల్ ఖాతాకి) వచ్చేదైతే ఆ టెన్షన్ ఉండదు.

ఇంకొకటి, చిన్నదే కానీ ముఖ్యం. ఎవరు అడిగినా జీమెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వకు. నిజమైన నెట్‌వర్క్ ఆహ్వానం నువ్వు ఛానెల్ చూసుకునే యూట్యూబ్ స్టూడియో పేజీలోనే కనిపిస్తుంది, అక్కడే ఒప్పుకోవాలి. పాస్‌వర్డ్ అడిగినవాడు దొంగే.

వాళ్ల దగ్గర ఇప్పుడున్న ఇద్దరు క్రియేటర్లతో, మానేసిన ఒక్కరితో మాట్లాడు. మానేసినవాళ్లు చెప్పేదే నీకు ఎక్కువ పనికొస్తుంది. వాళ్ల పేర్లు కంపెనీ ఇవ్వదు, నువ్వే వెతుక్కోవాలి. గడువు మూడేళ్లు వద్దు, ఒక ఏడాది చాలు, దానంతటదే పొడిగింపు ఉండకూడదు, 30 రోజుల నోటీసుతో ఎప్పుడైనా బయటికి రావచ్చని ఉండాలి. గొడవ వస్తే ముంబై కోర్టు అని కూడా రాశారు, గుణుపురం నుంచి నువ్వు వాయిదాలకు ముంబై వెళ్తావా?

నన్నడిగితే ఈ ఏడాది నీకు నెట్‌వర్క్ అవసరం లేదు. పాటలు యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా ఉన్నాయి. నీ వీడియో ఎవరైనా ఎత్తుకుని మళ్లీ పెడితే చూపించే టూల్ యూట్యూబ్ స్టూడియోలోనే ఉంది, కాపీరైట్ విభాగంలో వెతుకు. అయినా చేరాలనే ఉంటే నేను అడ్డుచెప్పను, నిర్ణయం నీదే. కాకపోతే వాళ్లు "శుక్రవారం లోపు సంతకం" అని తొందరపెడుతున్నారన్నావు చూడు, అది నాకస్సలు నచ్చలేదు. ఇంకో వారం కావాలని రెండు లైన్ల మెయిల్ పెట్టెయ్.

ఆదివారం గుణుపురం నుంచి బండెక్కి వచ్చెయ్. అగ్రిమెంటు ప్రింట్ తీయించి తీసుకురా, ఫోన్‌లో అయితే లాయరు గారు చదవలేరు. ఆయనకు చెప్పి ఉంచాను, సాయంత్రం ఇంటికే వస్తానన్నారు. మా అమ్మను కూడా తీసుకురా. ఆ వీడియోల్లో ఉన్నది ఆవిడ ముఖం, ఆవిడ గొంతు. తొమ్మిదో పేరా నేనే తెలుగులో చదివి వినిపిస్తాను, ఆవిడేమంటుందో విందాం.

మీ మావయ్య