ట్వీటీని వదిలెయ్

అమ్మాయీ,

ఆశీస్సులు. డిఫాల్ట్ తర్కం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. అదేనమ్మా, అడ్డుమాట తెలియనంతవరకూ మామూలుగా జరిగేదే నిజమనుకునే తర్కం. చదివించే వాక్యం నీది, సంతోషం. కానీ నాలుగో పేజీకొచ్చేసరికి ఒళ్ళు మండింది. ట్వీటీ పక్షి కాబట్టి ఎగురుతుందనుకున్నాం, పెంగ్విన్ అని తెలిశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాం, డిఫాల్ట్ తర్కమంటే ఇంతే అని చేతులు దులుపుకున్నావు. ఈ ట్వీటీని చూసీ చూసీ విసుగెత్తింది నాకు.

"నూటికి తొంభై పక్షులు ఎగురుతాయి గనక" అన్న వాక్యం కొట్టెయ్. ఈ తర్కానికి 1980లో రేమండ్ రైటర్ అనే పరిశోధకుడు రాసిన నియమంలో శాతాలు లేవు. అది పక్షి అని తెలుసా? ఎగురుతుందనుకుంటే మన నమ్మకాల్లో దేనికైనా అడ్డొస్తుందా? రాకపోతే ఎగురుతుందనుకో. ఆ నమ్మకాలంటే మొదట తెలిసినవి మాత్రమే కాదు, ఇలాంటి ఊహలన్నీ చేరాక చివరికి తేలే మొత్తం. అసలు చిక్కు అక్కడే ఉంది, నువ్వు దాన్ని తాకనేలేదు.

సిద్ధాంతం పనిచేసే ఉదాహరణ ఎవరైనా రాస్తారు. అది బోర్లా పడే ఉదాహరణ నువ్వు రాయాలి. 1986లో స్టీవ్ హాంక్స్, డ్రూ మెక్‌డెర్మట్ అనే కృత్రిమ మేధ పరిశోధకులు చేసింది అదే. మెక్‌డెర్మట్ ఎవరనుకున్నావు? ఈ తర్కాలను మొదట కట్టినవాళ్ళలో ఒకడు! వాళ్ళ ఉదాహరణ ఇది: ఫ్రెడ్ అనే మనిషి బతికే ఉన్నాడు. తుపాకీ నింపారు, కాసేపు ఆగారు, అతన్ని కాల్చారు. ఏ స్థితైనా మామూలుగా ఉన్నది ఉన్నట్టే ఉంటుందన్నది డిఫాల్ట్; మారితే అది మినహాయింపు. ఫ్రెడ్ చచ్చాడని మనం ఇట్టే చెప్పేస్తాం. తర్కం మాత్రం రెండో కథ కూడా ఒప్పుకుంటుంది: ఆగిన ఆ కాసేపట్లో తుపాకీ దానంతటదే ఖాళీ అయింది, ఫ్రెడ్ బతికాడు. నింపడం అయ్యాక మొదటి కథలో మినహాయింపు ఒకటి, రెండో కథలోనూ ఒకటే. దేన్ని కాదంటావు?

ఈ ఉదాహరణతోనే నేనొక పత్రికకి వ్యాసం పంపాను. సంపాదకుడుగారు "ఇక్కడేమీ జరగడం లేదు" అని ఆగడమన్న మెట్టునే కొట్టేశారు. అచ్చులో తుపాకీ నింపారు, కాల్చారు, ఫ్రెడ్ చచ్చాడు. సమస్యే మాయమైంది! తర్కపు గుర్తులుంటే పాఠకులు పారిపోతారని ఉపదేశం కూడా చేశారు. పాఠకులు పారిపోరమ్మా, వాళ్ళని పిల్లల్లా చూస్తేనే పారిపోతారు.

మినహాయింపుల్ని వీలైనంత ఆలస్యంగా ఒప్పుకోమన్నారు కొందరు. మొదటి కథలో మినహాయింపు కాల్చాకే వస్తుంది గనక ఫ్రెడ్ విషయంలో అది సరిపోయింది. మరి పార్క్ చేసి వెళ్ళిన కారు తిరిగొచ్చేసరికి లేదనుకో, మనం రావడానికి ఒక్క క్షణం ముందే దొంగతనం జరిగిందని తేల్చాల్సొస్తుంది! ఇలా ఒక చోట అతుకేస్తే ఇంకో చోట చిరగడం చూపించాలి నీ వ్యాసం. చివరి పేరాలో న్యూరల్ నెట్‌వర్కులు వచ్చి అన్నీ చక్కబెట్టేశాయన్నావే, అది ఇప్పటి ఫ్యాషన్. దాన్నీ తీసెయ్.

కలంపేరు గురించి, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించి ఏదో అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఫ్రెడ్ కథలు రెంటినీ పక్కపక్కన పెట్టు, ఏ క్షణంలో ఏది మారిందో, ఎక్కడ డిఫాల్ట్ తప్పిందో మెట్టుమెట్టుగా రాసి పంపు. మొదటి మూడు పేజీలు మళ్ళీ పంపకు.