వలస బాతులను లెక్కబెట్టబోయే తమ్మునికి

తమ్మీ,

వరంగల్ దగ్గరి పాకాల చెరువులో ఈ యేడు వలస పక్షుల లెక్క నీకు అప్పజెప్పారని తెలిసింది. కట్ట మీద నిలబడి లెక్కబెట్టకు, ముందు చెప్పాల్సింది అదే. కట్ట దిక్కు లోతెక్కువ, అక్కడ నీటికాకులే తిరుగుతాయి. ఉత్తరాది నుంచి వచ్చే సూదితోక, షోవెలర్, గార్గెనీ బాతులు మెడ అందేంత నీటిలోనే మేస్తాయి కనుక శిఖం, అంటే నీరు పలచగా పరుచుకునే ఎగువ అంచు వైపు వెతకాలి. పాకాల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి ముందే తీసుకో. పొద్దున తూర్పు గట్టున కూర్చుంటే ఎండ వీపున పడుతుంది. తొమ్మిది దాటితే నీటి మీద సెగ ఆడి దూరపు బాతులన్నీ ఒకేలా కనిపిస్తాయి.

చెరువు నిండి మత్తడి దుంకిన ఏడు ఒడ్డున బురదే మిగలదు. బురదలో మేసే ఉల్లంకి పిట్టలు కనబడలేదని వలస తగ్గిందని రాస్తే తప్పు. అవి ఆగస్టు నుంచే దిగుతాయి, ఊరి కుంటలు కూడా చూసి రా. గార్గెనీలు సెప్టెంబరులో మొదలవుతాయి, సూదితోకలు అక్టోబరు, నవంబరులలో. తలపై రెండు నల్లచారల పెద్దబాతుల కోసం ఇంకొన్నాళ్లు ఆగాలి.

చాలామంది బోల్తా పడేది రంగు దగ్గర. కొత్తగా వచ్చిన మగవి కూడా ఆడవాటిలాగే మాసిన గోధుమ రంగులో ఉంటాయి. ఆకారం చూడు: సూదితోకకు సన్నటి పొడుగు మెడ, షోవెలర్‌కు గరిటె లాంటి ముక్కు. గార్గెనీకి కంటి పైన తెల్లగీత, కంటి మీదుగా నల్లగీత, చెంపన ఇంకో గీత. లేచి ఎగిరితే మగదాని రెక్క ముందుభాగం బూడిద నీలంగా మెరుస్తుంది. ఈల వేసే ఎర్ర చిలువ బాతులు మన దగ్గరివే, వాటిని వలస లెక్కలో కలపకు.

టెలిస్కోపు 20 నుంచి 30 రెట్ల మధ్యే ఉంచు, 60కి పెంచితే బొమ్మ వణుకుతుంది. పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కబెట్టి, అవి పట్టిన జాగాను కొలతగా పెట్టుకొని గుంపు చివరిదాకా జరుపుకుంటూ పో. కొస పలచగా ఉంటుంది, అక్కడ కొలత మార్చాలి. మధ్యలో గద్ద వాలితే గుంపంతా లేచి అవతలి కొసన దిగుతుంది. అప్పటిదాకా వేసిన అంకె కొట్టేసి, సద్దుమణిగాక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టు. కలిపావంటే రెట్టింపు.

కాగితం మీద మొదలుపెట్టిన, ముగించిన వేళ, నీరు మత్తడికి ఎన్ని అడుగుల కింద ఉందో, వలలు ఎటు వేశారో రాయి. గుర్తుపట్టనివి 'బాతు, జాతి తెలియదు' గడిలో వేయి, అందులో పరువు పోయేదేం లేదు. జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకు కూడా ఇవే జాగాలు వాడితే రెండు అంకెలనూ పోల్చొచ్చు. తెప్పల వాళ్లను ముందురోజే కలిసి తెల్లారి ఏ వైపు వల తీస్తారో అడుగు, ఆ వైపు చివరికి పెట్టుకో.

ఉంటా మరి,
నీ పెద్దన్న