ఏడు నెలలు నిండినా మా కుక్కపిల్ల పాల కోరలు ఊడలేదు. ఇంకా ఆగి చూడవచ్చా?

ఆగవద్దు. పాల కోర పక్కనే కొత్త కోర కూడా వచ్చేసిందని రాశారు కదా, ఇక "అదే ఊడిపోతుందిలే" అనేవాళ్ళ మాట వినకండి. ఒకే చోట రెండు పళ్ళు కనిపించిన రోజే డాక్టరుకు చూపించాలన్నది నా గట్టి నమ్మకం.

మా పమేరియన్ పిల్ల చిట్టికీ ఇదే జరిగింది. ముందరి పళ్ళు ఎప్పుడు ఊడాయో కూడా మాకు తెలియదు, చాలావరకు మింగేస్తాయి. కోరలు మాత్రం కదల్లేదు. ఒక సాయంత్రం ఒళ్ళో పడుకోబెట్టుకుని పెదవి పైకెత్తితే, లావుపాటి కొత్త కోర, దాని వెనకే సన్నటి పాల కోర. ఆ సందులో దాని వెంట్రుకలే ఇరుక్కుని చిగురు ఎర్రబడి ఉంది. కింది దవడ చూశాక నాకు భయం వేసింది. పైన కొత్త కోర పాల కోరకు ముందువైపు వస్తుంది గానీ, కింద లోపలివైపు, నాలుక పక్కన మొలుస్తుంది. పాలపన్ను తప్పుకుంటేనే అది బయటికి జరిగి తన చోట కుదురుకుంటుంది. ఇక్కడ తప్పుకోలేదు. చిట్టి నోరు మూసినప్పుడల్లా ఆ మొన అంగిలికి గుచ్చుకుని పెసరగింజంత గుంట పడింది. అంత నొప్పితోనూ అది తోక ఊపుతూ తిరిగేది. తింటోంది కదా, బాగానే ఉందని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది అందుకే.

మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, నాలుగు పాల కోరలనూ తీసేశారు. డాక్టరు చూపించిన పన్నులో పైకి కనిపించే భాగం కన్నా లోపలి వేరు పొడవుగా, సన్నగా వంగి ఉంది. దాన్ని ఇంట్లో పట్టుకుని లాగితే మధ్యలో విరిగి వేరు లోపలే ఉండిపోతుంది. గట్టి ఎముక వేస్తే ఊడుతుందని సలహా ఇచ్చేవారికి ఈ వేరును చూపించాలి. ఎముక కొరికితే మంచి పన్నే విరగవచ్చు.

పమేరియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ లాంటి చిన్న జాతుల్లో ఇది ఎక్కువ, వంశంలోనూ వస్తుంది. 28 పాలపళ్ళు పోయి 42 పళ్ళు రావలసిన నోరు అది, చోటెక్కడిది? అయినా బొమ్మలా ఉంటుందని పిల్లల్ని అమ్మేవారు తల్లికి ఈ బాధ ఉందో లేదో చెప్పరు. అలాంటి తల్లిని మళ్ళీ మళ్ళీ ఈనించడం అన్యాయం.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో కలిపి తీయిద్దామనుకుంటే, అది దగ్గరలో ఉంటేనే ఆగండి. తీసే ముందు ఎక్స్‌రే తప్పక అడగండి. కదలని ప్రతి పాలపన్ను కిందా అసలు పన్ను ఉంటుందని చెప్పలేం. కింద అసలు పన్ను లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న ఆ పాలపన్నును ఉంచేస్తారు. చిట్టి కింది కోరలు తర్వాత వాటంతటవే బయటికి జరిగాయి. మీ పిల్లకు జరగకపోతే పళ్ళను సరిచేసే వైద్యం కుక్కలకూ ఉంది, అదీ అడగండి.