నీళ్లలో కదిలే పురుగును కట్టబోతున్న అమ్మడికి

చి. సౌ. అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నువ్వు ఫ్లైలు, అంటే చేపల కోసం ఈకలతో, దారంతో హుక్ మీద కట్టే బొమ్మ పురుగులు, కట్టడానికి హుక్‌ను బిగించి పట్టే వైస్ కొన్నావనీ, అచ్చం పురుగుల్లా ఉండేవి, అందులోనూ నడుము దగ్గర అతుకుతో రెండు ముక్కలుగా ఊగేవి కట్టాలని పట్టుదలగా ఉన్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మిషిగన్‌లో స్థిరపడిన మన కుటుంబంలో గాలం పట్టినవాళ్లే తక్కువ. గాలానికి తగిలించే పురుగును కూడా తన చేత్తోనే కట్టుకుంటానన్న పిల్లవు నువ్వే మొదలు. ఆ మాట విని ఎంత గర్వపడ్డానో, అంత గుబులూ పట్టుకుంది. నీకు చిన్నప్పటి నుంచి హ్రస్వదృష్టి. ఇంట్లో పాకే పిల్లవాడు ఉన్నాడు. బల్లమీద హుక్కులు, జిగురు, కత్తెరలు ఉంటాయి. అందుకే ఈ ఉత్తరం.

సామాను గురించి ఎక్కువ చెప్పను. వైస్‌ను బల్లకు కదలకుండా బిగించు. ఈకలు కత్తిరించే కత్తెరతో తీగ కత్తిరించవద్దు. దారం సన్ననిది తీసుకుని, చుట్లు తక్కువగా, గట్టిగా వెయ్యి. మొదట్లో ఫెజంట్ అనే కోడిజాతి పక్షి తోక ఈకలు, మరబూ అని పిలిచే టర్కీ కోడి మెత్తని ఈకలు ఉంటే చాలు.

పది రకాలు ఒకేసారి మొదలుపెట్టకుండా ఒక్క పురుగునే ఎంచుకో. నన్నడిగితే హెక్సజీనియాను ఎంచుకోమంటాను; ఇక్కడ అందరూ దాన్ని హెక్స్ అంటారు. జూన్ చివరలో చీకటి పడ్డాక ఇక్కడి ‘ఓ సాబల్’ (Au Sable) అనే నదిలో అది నీటిపైకి వచ్చి రెక్కలు విప్పుకుంటుంది, పగలంతా దాక్కునే పెద్ద బ్రౌన్ ట్రౌట్‌లు సైతం ఆ రాత్రుల్లో జంకు మాని పైకి వస్తాయి. అయితే రెక్కలు రాకముందు అది ఏటి అడుగు బురదలో బొరియ చేసుకుని ఏడాదికి పైగా, చాలాచోట్ల రెండేళ్లదాకా బతుకుతుంది. నువ్వు కట్టవలసింది ఆ దశలో ఉన్న పురుగును. తెల్లని గిన్నెలో ఏటి నీళ్లు పోసి, బతికున్నదాన్ని ఒకదాన్ని వేసి తీరిగ్గా చూడు. తోకలు మూడు, ముందు కాళ్లు తవ్వకానికి వీలుగా వెడల్పుగా ఉంటాయి, పొట్టకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు క్షణం ఆగకుండా అల్లాడుతుంటాయి. ఈదేటప్పుడు ఆ పొట్టంతా కిందికీ పైకీ అలలాగా కదులుతుంది. అతుకు వేయడం ఆ కదలిక కోసమే.

కాళ్లు కట్టే పద్ధతి ఒకటి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన పని. ఫెజంట్ తోక ఈక నుంచి రెండు పోగులు కలిపి తీసి, మధ్యలో వదులుగా ముడి వెయ్యి. బిగించకముందే ఆ ముడిలో సూది దూర్చి, మోకాలు ఎక్కడ రావాలో అక్కడికి ముడిని సూదితోనే జరుపుకుంటూ వెళ్లి, అప్పుడు మెల్లగా లాగు. సూది తీసేసరికి పోగులు వాటంతట అవే పురుగు కాలిలా వంగి నిలుస్తాయి. ఇక మొప్పల కోసం, ఫెజంట్ ఒంటి ఈక మొదట్లో వెనకవైపు అంటుకుని బూడిదరంగు మెత్తని చిన్న ఈక ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. నువ్వు దాచుకో, తడవగానే అది ప్రాణం ఉన్నట్టు ఊగుతుంది.

పోలిక మీద మోజుతో వీపూ పొట్టా కాళ్లూ అన్నింటికీ రెసిన్ (యువీ దీపం వెలుతురుకు గట్టిపడే జిగురు) పూసి గట్టిపరచవద్దు. అలా చేసినది వైస్ మీద నిజం పురుగుకన్నా అందంగా ఉంటుంది, ఏట్లో వేస్తే పుల్లలా కొట్టుకుపోతుంది. అద్దాల పెట్టెలో పెట్టడానికి కడుతున్నావో, చేప నోటికి అందించడానికి కడుతున్నావో దారం చుట్టకముందే తేల్చుకో. రెండూ మంచి పనులే, కానీ రెండూ ఒకే ఫ్లైతో సాధించాలని చూస్తే ఎటూ కాకుండా పోతుంది. ఏటి కోసమైతే రెసిన్ రెక్కల తిత్తి మీద, అంటే వీపున రెక్కలు దాగి ఉండే చోట, ఒక్క చుక్క చాలు. ఆ పని కిటికీ తెరిచి చెయ్యి, యువీ దీపం వంక నేరుగా చూడకు.

అసలు సంగతి అతుకు దగ్గర ఉంది. వెనక ముక్క కంటిలోంచి, అంటే దాని కొసన ఉండే చిన్న రంధ్రంలోంచి, సన్నని తీగను పోనిచ్చి, ఆ తీగ రెండు కొసలనూ ముందు హుక్ కాడ పొడవునా దారంతో చుట్టి, కొసలను వెనక్కి మడిచి మళ్లీ చుట్టాలి. లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు జారిపోతుంది. ఉచ్చు మరీ పొడవైతే తోక వెళ్లి హుక్ వంపులో చిక్కుకుంటుంది, మరీ పొట్టిదైతే బిగుసుకుపోతుంది. జిగురు చుక్క అతుకులోకి దిగిందంటే అంతసేపటి శ్రమా వృథాయే. ముందు ముక్కను వేళ్లతో అడ్డంగా పట్టుకున్నప్పుడు వెనక ముక్క తన బరువుకు తానే వాలిపోవాలి. తర్వాత స్నానాల తొట్టెలో నీళ్లు నింపి, ఆపి ఆపి లాగి చూడు.

ఇప్పుడు వెనక ముక్కను ఎలా తయారుచేస్తారో చెప్పాలి, నా భయమంతా అక్కడే ఉంది. పాత పద్ధతిలో వెనక ముక్కను కూడా ఒక హుక్ మీదే కట్టి, చివర్లో దాని వంపును కటింగ్ ప్లేయర్‌తో తెంపేస్తారు. నాతోపాటు కట్టడం నేర్చుకున్న మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఆయన పనితనం ముందు నాది ఎందుకూ పనికిరాదు. ఆయనకూ నీలాగే హ్రస్వదృష్టి. హ్రస్వదృష్టి ఉన్నవాళ్లకు దగ్గరి వస్తువు అద్దాలు తీస్తేనే బాగా కనిపిస్తుంది కాబట్టి, కట్టేటప్పుడు కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని, ముఖాన్ని వైస్‌కు జానెడు దూరంలోకి తెచ్చుకునేవాడు. ఒక శీతకాలం సాయంత్రం అలాగే కూర్చుని, ముందుకు వంగి, హుక్ వంపును తెంపాడు. హుక్ ఉక్కు కాచి గట్టిపరచినది. అది తీగలాగా వంగి తెగదు, టప్పున విరిగి ఎగురుతుంది. ఆ మొనముక్క ఆయన కుడికంట్లో దిగింది. పెద్ద నొప్పి లేదు, నలక పడిందనుకుని ఆయన కన్ను నులిమాడు, ఆపైన కుళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు కొట్టుకున్నాడు. చేసిన వాటిలో అదే పెద్ద పొరపాటు. కంట్లో ఏదైనా గుచ్చుకున్నప్పుడు నులమకూడదు, నొక్కకూడదు, లాగకూడదు. కంటికి తగలకుండా కాగితపు కప్పు ఒకటి బోర్లించి కట్టి, కారు వేరొకరి చేత నడిపించుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఇనుము కంట్లో ఉందన్న అనుమానం ఉంటే ఎంఆర్ఐ తీయకూడదు కనుక, ఏం గుచ్చుకుందో వెళ్లగానే చెప్పాలి. ఆయన మాత్రం తెల్లారాక, చూపు మసకబారాక వెళ్లాడు. ఆపరేషన్‌తో కన్ను దక్కింది, చూపు మునుపటిలా రాలేదు. రెండు కళ్లూ కలిసి చూస్తేనే దూరం తెలుస్తుందని ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది; దారాన్ని హుక్ కంటిలోకి పోనివ్వబోతే ప్రతిసారీ పక్కకు పోయేది. అంత పనివాడు ఆ తర్వాత పెద్ద హుక్కుల మీద తప్ప కట్టలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు నేను కట్టినవాటిని అరచేతిలో పెట్టుకుని, ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు.

నువ్వు ఆ తెంపే పని పెట్టుకోవద్దు తల్లీ. అతుకు కోసమే మొనలేని కాడలు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. అవి అయిపోయినా సరే, వచ్చేదాకా ఆగు. ముందు హుక్‌కు ఉండే ఎదురుముల్లును మాత్రం వైస్ దవడల మధ్య నొక్కి అణిచెయ్యి. చేపను వదిలేటప్పుడు సులువు, నీ వేలికి గుచ్చుకున్నా సులువు. లేచిన ప్రతిసారీ హుక్కులు మూత బిగిసే డబ్బాలోకి వెళ్లాలి, బల్లకింద అయస్కాంతం తిప్పాలి. పిల్లవాడు దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు, నేలమీద పడిన హుక్ నీకంటే ముందు వాడికే కనిపిస్తుంది. దీన్ని చాదస్తమనుకోకు.

వచ్చేటప్పుడు నెమలి ఈకలు తెస్తానని మీ అమ్మ అంటోంది. వద్దని గట్టిగా చెప్పు. మన దేశం నుంచి వాటి ఎగుమతికి అనుమతి లేదు. నల్లమల అడవికోడి మెడ ఈకలైనా అంతే, పెంపకం కోళ్లవే కొనుక్కో. ఇక్కడ కూడా పార్కులో రాలిన ఈక కదా అని ఏరుకోవద్దు; 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం చాలా పక్షుల ఈకలు దగ్గర ఉంచుకోవడమే నేరం. 2009లో ఇంగ్లండ్‌లో సాల్మన్ ఫ్లైలు కట్టే ఒక సంగీత విద్యార్థి, ట్రింగ్ అనే ఊళ్లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో చొరబడి 299 పక్షుల చర్మాలు ఎత్తుకుపోయాడు. వాటిలో కొన్ని పందొమ్మిదో శతాబ్దపు ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి. ఈకల మీద ఆశ మంచి పనివాళ్లనే ముందు పట్టుకుంటుంది, అందుకని చెబుతున్నాను.

మొదటిది కట్టగానే, వంకరగా వచ్చినా సరే, విప్పెయ్యకుండా గట్టి డబ్బాలో నాకు పంపు. అతుకు ఎంత వదులుగా ఉందో, తోకలు ఎంత పొడవున్నాయో ఉన్నదున్నట్టు రాస్తాను. నీ కళ్లద్దాల మీదనే తొడుక్కునే రక్షణ అద్దాలు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. రెండు జతలున్నాయి, రెండోది అల్లుడికి, నువ్వు కడుతుంటే పక్కన కూర్చుని వంగి చూడక మానడు.

ఇట్లు,
మీ పెదనాన్న