ఆరు కిలోమీటర్ల దూరంలో ఆగిపోయిన చదువు

"చదువు అందరికీ సమానంగా అందకపోతే వైద్యం దగ్గరా ఉద్యోగాల దగ్గరా నిజంగా అంత తేడా వస్తుందా, లేక అసలు సమస్య డబ్బేనా?" అని నన్ను ఒకరు అడిగారు. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పద్నాలుగేళ్లు దాటింది ఈ ఉద్యోగంలో చేరి. డబ్బు సమస్య లేదని నేననను. కానీ మా దగ్గర ఓపీ ఉచితం, మందులు ఉచితం, 2007 నుంచి పెద్ద ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ ఉంది. డబ్బు కట్టక్కర్లేని ఆ గోడల మధ్య కూడా చదువుకున్న మనిషికీ చదువుకోని మనిషికీ జరిగే వైద్యం ఒకటి కాదు. రోజూ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. అంతకంటే ముందు మా ఇంట్లోనే చూశాను.

మాది పాలమూరు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది మా మహబూబ్‌నగరే, దాదాపు 55 శాతం. మా ఊళ్లో బడి ఐదో తరగతి వరకే. హైస్కూలు ఆరు కిలోమీటర్ల దూరంలో, బస్సు లేదు. అమ్మా నాయనా ప్రతి ఏడూ దసరా దాటగానే మేస్త్రీ వెంట బొంబాయి పనులకు పోయేవాళ్లు. ఇంట్లో ముసలి అవ్వ, మా అక్క, నేను, తమ్ముడు. అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. ఐదో తరగతి అయిపోయిన ఏడాదే ఆమె చదువూ అయిపోయింది. ఎవరూ మాన్పించలేదు, గొడవ కూడా జరగలేదు. జూన్‌లో బడి తెరిచారు, అక్క వెళ్లలేదు, అంతే. మాకు అన్నం వండి పెట్టేది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా సారు ఒకాయన గురుకులం ప్రవేశ పరీక్ష ఫారం తనే తెచ్చి, తనే నింపి, పరీక్ష రోజు సైకిల్ మీద తీసుకెళ్లారు. సీటు వచ్చింది. మన దగ్గర మొదటి గురుకులం 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పెట్టారు. అలాంటి బడులే లేకపోతే నాలాంటివాళ్లు పదో తరగతి గడప తొక్కేవాళ్లు కాదు. అదే సారు ఐదేళ్ల ముందు మా ఊరికి వచ్చి ఉంటే అక్కకు కూడా ఫారం నింపేవారేమో. లెక్కల్లో అక్క నాకంటే చురుకు. ఇప్పటికీ కూలి లెక్కలు మేస్త్రీ కంటే ముందు ఆమె చెప్పేస్తుంది. నేను గురుకులానికి వెళ్లిన మరుసటేడు పదహారేళ్లకే అక్కకు పెళ్లి చేశారు, ఊళ్లోనే మేనత్త కొడుక్కి. ఇది పాత కాలం ముచ్చట అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం.

ఉద్యోగం సంగతి ముందు చెబుతాను. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఊరూరా ఆశ కార్యకర్తలను తీసుకున్నారు. మా ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా అర్ధరాత్రి లేచి వెంట వెళ్లేది అక్కే. ఏ పసిపాపకు టీకా తప్పిందో ఊళ్లకు తిరిగి టీకాలు వేసే నర్సు ఏఎన్ఎం కంటే ముందు ఆమెకు తెలిసేది. ఊరంతా ఆమె పేరే చెప్పారు. నిబంధన ఎనిమిదో తరగతి. అక్కది ఐదు. పక్క వాడలో కొత్తగా కోడలై వచ్చిన ఒకమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి మంచిదే, కష్టపడుతుంది, తన మీద నాకే కోపమూ లేదు. రిజిస్టర్లు రాయాలి, రిపోర్టులు పంపాలి, కాబట్టి నిబంధన కూడా తప్పనలేను. కానీ రెండేళ్ల పాటు ఆ అమ్మాయి ప్రతి గర్భిణి ఇంటికీ అక్కను వెంటబెట్టుకునే తిరిగింది. పారితోషికం ఒకరికి, సగం పని ఇంకొకరిది. తర్వాత అంగన్‌వాడీ టీచర్ పోస్టు పడింది, దానికి అప్పట్లో పదో తరగతి ఉండాలి. అక్క దరఖాస్తు పెట్టలేదు. పత్తి ఏరడానికి పోయింది.

నా దారి కూడా నున్నగా ఏమీ సాగలేదు. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియం. డాక్టర్ కావాలని ఉండేది, ఎంసెట్ రాశాను, కోచింగ్‌కు పంపే స్తోమత లేదు, ర్యాంకు రాలేదు. జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సులో చేరాను. మొదటి సంవత్సరం అనాటమీ క్లాసులో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. క్లోమం తెలుసు, మూత్రపిండం తెలుసు, ధమని, సిర, అన్నీ తెలుసు. అవే ఇంగ్లిష్‌లో చెబుతుంటే ఏదీ తెలియనట్టే ఉండేది. మేడమ్ ప్రశ్న అడిగితే జవాబు మనసులో తెలుగులో సిద్ధంగా ఉండేది, నోరు మాత్రం పెగిలేది కాదు. మా బ్యాచ్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన ఇద్దరు మొదటి ఏడాదే మానేసి వెళ్లిపోయారు. ఇప్పుడు డాక్టర్ చదువుకు రాసే నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తున్నారు, 2017 నుంచి. సంతోషమే. అయితే సీటు వచ్చాక లోపల పుస్తకాలన్నీ ఇంగ్లిషే. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు మొదటి ఆరు నెలలు భాష దగ్గర చేయి పట్టుకుని నడిపించే ఏర్పాటు ప్రతి కాలేజీలోనూ ఉండాలి. అది లేనందుకే ఆ ఇద్దరు ఈ రోజు నర్సులు కాలేదు.

ఇక వైద్యం. 2019లో అక్కకు షుగర్ అని తేలింది. అప్పుడు ఆమెకు ముప్పై ఆరేళ్లు. పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించుకుంది. నాకు చెబితే డ్యూటీలో ఇబ్బంది పడతానని చెప్పలేదు. చీటీలో గ్లిమిపిరైడ్ అనే షుగర్ గోలీ, పక్కన 1-0-1, అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, కింద ఇంగ్లిష్‌లో తినే ముందు అని రాసి ఉంది. అంటే గోలీ వేసుకుని వెంటనే అన్నం తినాలి, లేకపోతే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. మందుల షాపు అబ్బాయి "పరగడుపున వేసుకో" అన్నాడట. అక్క పొద్దున్నే ఐదింటికి గోలీ వేసుకుని పత్తి చేనుకు ఆటో ఎక్కేది. సద్ది తినేది పదిన్నరకు. నాలుగో రోజు చేనులోనే పడిపోయింది. తోటి కూలీలు ఆటోలో వేసుకుని దగ్గరి ఆస్పత్రికి తెచ్చారు. షుగర్ 38 ఉంది. డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే లేచింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

"డాక్టర్‌ను ఎందుకు అడగలేదక్కా, ఎప్పుడు తినాలో?" అన్నాను.

"అడిగితే ఏమనుకుంటడో అని అడగలే. చీటీ మీద రాసిండు గదా, షాపాయన చదివి చెప్తడనుకున్న" అంది.

కూలి లెక్కలో మేస్త్రీని నిలదీసే మనిషి తన ప్రాణం గురించి ఒక్క ప్రశ్న అడగలేకపోయింది. చదువు ఇచ్చేది తెలివి అనుకుంటాం. తెలివి అక్కకు ముందే ఉంది. తెల్లకోటు ముందు కూర్చుని "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనే ధైర్యాన్ని మాత్రం బడే ఇస్తుంది. గురుకులంలో ఏడేళ్లు లేచి నిలబడి ప్రశ్నలు అడిగిన నాకు అది ఉంది.

తప్పు పేషెంట్లది అనుకోకండి. మా ఆస్పత్రులన్నీ చదవగలిగేవాళ్ల కోసం కట్టినట్టే ఉంటాయి. గది నంబర్లు, బోర్డులు, స్కానింగ్ చీటీ, డిశ్చార్జి కాగితం, అన్నీ అక్షరాలే, అందులో ముప్పావు వంతు ఇంగ్లిష్. ఓపీలో డాక్టర్‌కు ఒక్కో మనిషి మీద రెండు మూడు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ కాస్త సమయంలో ఇంగ్లిష్ ముక్కలు మాట్లాడే పేషెంటుకు వివరంగా చెబుతాం, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపే ముసలమ్మను "సరే, పో" అంటాం. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే చేశాను. అక్క పడిపోయాక మానేశాను.

ఇప్పుడు మా వార్డులో మందులిచ్చేటప్పుడు "అర్థమైందా?" అని అడగను. ఎవరైనా "ఆఁ" అనే అంటారు. "ఇంటికి పోయాక ఈ గోలీ ఎట్లా వేసుకుంటావో నాకు చెప్పమ్మా" అంటాను. పదిమందిలో సగం మంది తప్పు చెబుతారు, అప్పుడు మళ్లీ చెబుతాను. గోలీల కవరు మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, అన్నం తిన్నాక అయితే కంచం బొమ్మ పెన్నుతో గీసిస్తాను. దీనికి జీవో అక్కర్లేదు, నిమిషం పడుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆస్పత్రికి వెళ్తుంటే వెంట వెళ్లండి. వీలుకాకపోతే డాక్టర్ ముందు ఫోన్ స్పీకర్‌లో పెట్టించి మూడు విషయాలు అడగండి: ఏ మందు ఎందుకు, తిన్నాకా తినకముందా, ఏమైతే వెంటనే పరుగెత్తుకు రావాలి.

చివరగా ఒక పని మీరూ చేయొచ్చు. తెలంగాణలో గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు మామూలుగా చలికాలంలో దరఖాస్తులు తీసుకుంటారు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ముందే తీసి పెట్టుకోవాలి, పాలమూరు పిల్లలకు పని అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే అప్పటికి తల్లిదండ్రులు వలసలో ఉంటారు. అందుకే నేను దసరా సెలవులకు ఊరికి వెళ్లి, వాళ్లు బయల్దేరకముందే సంతకాలు పెట్టిస్తాను. ఏ ఇంట్లో నాలుగో తరగతి పిల్లలున్నారో అక్క ముందే లెక్క రాసి పెడుతుంది, తన వంకర అక్షరాలతో. పోయినసారి పదకొండు మందికి నింపాం. నలుగురికి సీటు వచ్చింది, అందులో ముగ్గురు ఆడపిల్లలు.