కుటుంబ మాసపత్రికకి వారసుడిగా వెళ్తే కెరీర్ ఎలా ఉంటుంది?

అమలాపురంలో నాన్నగారి మాసపత్రిక, దానికో ప్రెస్సు ఉన్నాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చి ఎడిటర్‌గా చూసుకోవచ్చా అని అడిగారు కదండీ. రండి, కాకపోతే ఎడిటర్ కుర్చీ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. ముందు సర్క్యులేషన్ బల్ల దగ్గర, అంటే కాపీలు, చందాలు, ఏజెంట్ల లెక్కలు చూసేచోట కూర్చోండి.

మాది రాజమండ్రి. తాతగారు పెట్టిన పత్రిక, భక్తి, జాతకాలు, రెండు కథలు, ఒక సీరియల్, వంటల పేజీ, ఆ టైపు. డిగ్రీ అవ్వగానే సంపాదకీయాలు రాద్దామని నేను ఉత్సాహంగా వస్తే నాన్నగారు ఏజెంట్ల లెడ్జర్ చేతిలో పెట్టి బస్సెక్కించారు. తణుకు, పాలకొల్లు, నర్సాపురం, రాజోలు, ఇలా బంకు బంకుకీ తిరిగి బకాయిలు వసూలు చెయ్యడమే పని. అమ్ముడవని కాపీలు మొత్తం వెనక్కి పంపితే పార్సిల్ ఖర్చు దండగని, అట్ట మీద పత్రిక పేరున్న ముక్క కత్తిరించి పంపితే చాలనేవాళ్లం, ఒకాయన ఆ ముక్కలు మాకు లెక్క చూపించి, తలకాయ లేని పత్రికల్ని బల్ల కింద నుంచి సగం ధరకి అమ్ముకునేవాడు. అడిగితే "మీ తాతగారు ఇలాంటివి పట్టించుకునేవారు కాదండీ" అని నవ్వి కాఫీ తెప్పించేవాడు. ఇలాంటి మొహమాటాలన్నీ కూడా ఆస్తితో పాటే వస్తాయండి.

అసలు ముసళ్ల పండగ జీవిత చందాలు. ఎప్పుడో చవక రోజుల్లో ఒకేసారి డబ్బు కట్టించుకుంటారు, ఆ డబ్బు ఆఫ్‌సెట్ మెషీన్‌కో అక్క పెళ్లికో అయిపోతుంది, పత్రిక మాత్రం ఆ చందాదారు బతికున్నన్నాళ్లూ పంపాల్సిందే. మా లిస్టు దులిపితే "గ్రహీత మరణించారు" అని పోస్ట్‌మాన్ రాసిన రాపర్లు కట్టలు కట్టి ఒక మూల పడున్నాయి, పేరు కొట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదంట. పోస్టల్ రిజిస్ట్రేషన్ ఉన్న పత్రిక 50 గ్రాముల లోపు కాపీ 25 పైసలకే వెళ్లేది కాబట్టి పోస్టేజీ పెద్ద లెక్కలోకి రాలేదు గానీ, కాగితం, అచ్చు, పిన్నింగ్ ఖర్చు ఎక్కడికి పోతుంది? అందుకే మీ నాన్నగారిని సర్క్యులేషన్ ఎంత అని అడక్కండి, డబ్బు కట్టి చదివేవాళ్లు ఎంతమంది అని అడగండి, రెండూ వేరు.

ఇంకొకటి, దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకండి. మీ పత్రిక మార్చి సంచిక ఒకటి తీసి లోపల చిన్న అక్షరాల్లో ఉండే ఫారం 4 చూడండి, ఏటా ఫిబ్రవరి దాటాక వచ్చే మొదటి సంచికలో యాజమాన్యం వివరాలు వేసేది. యజమాని అన్నచోట ఎవరి పేరుంది? మా దాంట్లో తాతగారు పోయాక కూడా చాలాకాలం ఆయన పేరే నడిచింది. మార్పించబోతే మిగతా వారసులందరూ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలన్నారు, మా బాబాయి "పత్రిక నువ్వే ఉంచుకో, ప్రెస్సు స్థలంలో నా వాటా తేల్చు" అని కూర్చున్నాడు. అది తేలేసరికి తడిసి మోపెడైంది. పత్రికల రిజిస్ట్రేషన్‌కి 1867 నాటి పాత చట్టం పోయి 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది, దరఖాస్తులన్నీ ప్రెస్ సేవా పోర్టల్లో ఆన్‌లైనే, కానీ బాబాయి సంతకం ఆన్‌లైన్లో రాదు కదా.

పత్రిక దాని ఆదాయంతో అదే బతుకుతుందా అంటే, పెద్దవాళ్ల కథే చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆంధ్రపత్రిక వెనక అమృతాంజనం డబ్బుంది, 1938లో ఆయన పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు అందుకుని నడిపారు, చివరికి అదీ 1991లో ఆగిపోయింది. చందమామ 1947లో మొదలై, 1998లో ఆగి, మళ్లీ లేచి, 2007లో ముంబై కంపెనీ చేతికెళ్లి, ఆ తర్వాత కొన్నేళ్లకే మూతపడింది. విపుల, చతుర లాంటివే 2021లో అచ్చు ఆపేస్తే మన జిల్లా పత్రికలు ఎంతండీ. మా ఇంట్లో అమృతాంజనం అంటే జాబ్ వర్కే, ప్రెస్సులో బయటివాళ్లకి చేసిపెట్టే అచ్చు పనులు. ఉగాదికి పంచాంగాలు, మాఘమాసంలో శుభలేఖలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు, భీమవరం వైపు రొయ్యల మేత డీలర్ల క్యాలెండర్లు. నేను చేసిన పెద్ద పని ఏదన్నా ఉందంటే ప్రెస్సు ఖాతా, పత్రిక ఖాతా విడగొట్టడం, అప్పటిదాకా పత్రికకి ఎంత చేతి చమురు వదులుతోందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

పాత సంచికలన్నీ డిజిటల్ చేసి యాప్ పెడదామని సాఫ్ట్‌వేర్ బుర్రకి తప్పకుండా అనిపిస్తుంది, మంచిదే. కాకపోతే పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్లో, యూనికోడ్ కాని అను ఫాంట్స్‌తో కొట్టిన ఫైళ్లు యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, మళ్లీ ప్రూఫులు దిద్దే మనిషి కావాలి. పైగా బయటి రచయితల సీరియళ్లు మీ పత్రికలో వచ్చాయి కదా అని పుస్తకంగా వెయ్యడం కుదరదు, హక్కు రాసివ్వకపోతే అది వాళ్లదే, రచయిత పోయాక 60 ఏళ్ల దాకా వాళ్ల పిల్లలదే. వారసులు మీ ఇంట్లోనే ఉండరు కదండీ! ముందు తాతగారూ నాన్నగారూ సొంతంగా రాసినవి తియ్యండి. 2027లో గోదావరి పుష్కరాలు, ప్రత్యేక సంచికకి యాడ్స్ దొరికే అవకాశం పన్నెండేళ్లకోసారి వస్తుంది, దాని పని మాత్రం ఇప్పుడే మొదలెట్టండి, డమ్మీ, అంటే సంచిక నమూనా ప్రతి, చేతిలో ఉంటేనే యాడ్ ఇచ్చేవాడు చెక్కు రాస్తాడు.

ఇక జీతం. ఇంటి బిడ్డకి జీతమేంటి అంటారు, ఒప్పుకోకండి. ఎంత తక్కువైనా సరే నెలనెలా బ్యాంకులో పడేలా రాయించుకోండి, లేకపోతే పెళ్లిచూపుల్లో కూడా "పత్రికాధిపతి" అని చెప్పుకోవడమే గానీ హోమ్ లోన్‌కి చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. నోటీసు పీరియడ్ పెట్టే ముందు ఏజెంట్ల లెడ్జరు, ఫారం 4, జీవిత చందా లిస్టు ఈ మూడూ చూపించమనండి. చూపిస్తే రండి. "ముందు నువ్వు రా, తర్వాత చూద్దాం" అంటే హైదరాబాద్‌లోనే ఉండి ఆదివారాలు వచ్చి సాయం చెయ్యండి చాలు.